బహుమానమా, ఒప్పందమా?

నాచారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో నేను ముప్పై యేళ్ళు పనిచేశాను. అందులో పన్నెండేళ్ళు యూనియన్ కార్యవర్గంలో వున్నాను. మూడేళ్ళకోసారి వేతన ఒప్పందం గడువు తీరేది. మేము కోర్కెల పత్రం యిచ్చేవాళ్ళం. యాజమాన్యం ఒక అంకె అనేది, మేమొక అంకె అనేవాళ్ళం. ఒకసారి చర్చలు తొమ్మిది నెలలు సాగాయి. చివరకు దక్కిన పెంపు మేమడిగినదానిలో సగం కూడా లేదు. ఆ రోజు గేటు దగ్గర కార్మికులు మమ్మల్ని తిట్టారు కూడా. అయితే ఆ కాగితం మీద రెండు సంతకాలున్నాయి. రెండో సంతకం విలువ యేమిటో నాకు ఉద్యోగంలో వున్నన్నాళ్ళూ సరిగా తెలియలేదు.

అది తెలియజెప్పింది మా మల్కాజిగిరి వీధిలోని ఒక అమ్మాయి. ఆమె క్రికెట్ ఆడుతుంది. తెల్లవారుజామున తనకన్నా పొడుగైన సంచీ భుజాన వేసుకొని బస్సు కోసం పరుగెడుతుంటుంది. 2022 అక్టోబరు ఆఖరున ఒక సాయంత్రం వచ్చి, “తాతా, ఇగ మాకు మొగోళ్ళకు సమానం పైసలు!” అన్నది. ఎంతో సంతోషించాను. అలవాటు కొద్దీ అడిగాను: “మీ తరఫున ఎవరు మాట్లాడారమ్మా? సంతకం ఎవరు పెట్టారు?” ఆ అమ్మాయికి నా ప్రశ్న వింతగా తోచింది. “ఎవ్వరు అడగలే తాతా, వాళ్ళే ఇచ్చిన్రు” అన్నది.

ఆ జవాబు నన్ను వదలలేదు. ఎవరూ అడగకుండా వచ్చిన జీతాన్ని ఏమనాలి?

బోనస్ చరిత్ర తెలిసినవారికి ఈ ప్రశ్నలోని బరువు అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లాభాలు పొంగిపొర్లుతుంటే, 1917లో బొంబాయి మిల్లు యజమానులు కార్మికులకు యుద్ధ బోనస్ యిచ్చారు. మరి కొన్నేళ్ళు యిచ్చి, తర్వాత మానేశారు. 1924లో కార్మికులు సమ్మెకు దిగారు. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం, బోనస్ మీద కార్మికులకు చట్టం అంగీకరించే హక్కేదీ లేదని తేల్చింది. యజమాని దయతో యిచ్చాడు, దయ తప్పింది, అంతే. 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ లాభాలలో కార్మికుడి వాటాను లెక్కగట్టే సూత్రం ఒకటి ఏర్పరచింది. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. కనీస బోనస్ నాలుగు శాతంతో మొదలై 1972లో 8.33 శాతానికి పెరిగింది. పండుగనాడు చేతికందే డబ్బు అదే కావచ్చు. కాని అంతకుముందు కార్మికుడు దానికి దణ్ణం పెట్టేవాడు, తర్వాత లెక్క సరిచూసుకొని జేబులో వేసుకున్నాడు. నలభై యేళ్ళ పోరాటం సాధించిన మార్పు అది.

మన స్త్రీల క్రికెట్ వేతనాల చరిత్రను ఈ దృష్టితో చదవవలసి వుంది.

భారత స్త్రీల క్రికెట్ సంఘం 1973లో ఏర్పడింది. 1976లో బెంగుళూరులో వెస్టిండీస్‌తో మన ఆడవాళ్ళు తొలి టెస్టు ఆడారు. 1978 ప్రపంచకప్ పోటీలకు మనదేశమే ఆతిథ్యం యిచ్చింది. విజేతను తేల్చిన ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ మ్యాచ్ ఆ యేడు జనవరి 13న మన లాల్ బహదూర్ స్టేడియంలోనే జరిగింది. ఇంత జరుగుతున్నా ఆడినవారికి జీతమన్న మాట లేదు. రెండో తరగతి రైలుపెట్టెలు, సత్రాల్లో పడకలు, చందాలు. ఆటను ప్రేమించటమే ఆటకు కూలి.

మరి వాళ్ళు ఎలా బతికారు? రైల్వే ఉద్యోగంతో. మల్కాజిగిరి, మౌలాలి, లాలాగూడల వారికి రైల్వే ఉద్యోగమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడ ఇంటికొకరు కాకపోయినా వీధికి పదిమంది ఆ కొలువువాళ్ళే. డయానా ఎడుల్జీ వంటి క్రీడాకారిణుల పట్టుదల వల్ల రైల్వేలలో స్త్రీల క్రికెట్ వేళ్ళూనింది. దేశవాళీ పోటీలను యేళ్ళ తరబడి రైల్వే జట్టే యేలింది. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ కూడా రైల్వే ఉద్యోగమే చేశారు, రైల్వే జట్టుకే ఆడారు. 2017 ప్రపంచకప్ ఫైనల్‌కు చేరిన 15 మందిలో 10 మంది రైల్వే ఉద్యోగులు.

ఇక్కడ మన చరిత్రకారులు గమనించని విషయం ఒకటున్నది. రైల్వే తమ క్రీడాకారిణికి యిచ్చింది ఆట జీతం కాదు, గుమాస్తా జీతం. ఆ గుమాస్తా జీతం వెనుక యెందరో గ్యాంగుమన్లు, ఫైర్‌మన్లు, వర్క్‌షాపు కార్మికులు నడిపిన పోరాటాలున్నాయి. స్త్రీల క్రికెట్ సంఘం పుట్టిన మరుసటి యేడే, 1974 మే నెలలో, దేశమంతటా రైల్వే కార్మికులు సుమారు మూడు వారాలు సమ్మె చేశారు. ప్రభుత్వం దాన్ని అణచివేసింది, వేలమందిని జైళ్ళకు పంపింది. అటువంటి పోరాటాలు కూడబెట్టిన పింఛను, సెలవు, ఉద్యోగ భద్రత ఆ తర్వాతి తరాల క్రీడాకారిణికి నీడనిచ్చాయి. క్రికెట్ ఆడే ఆడపిల్ల బేరమాడకుండానే బతకగలిగిందంటే, ఆమె తరఫున మరెవరో ముందే బేరమాడి వున్నారు. స్త్రీల క్రికెట్‌ను బతికించిన మొదటి ఒప్పందం క్రికెట్ మైదానంలో పుట్టింది కాదు.

ఆటకు ఆటగా వచ్చిందేమిటో చూడండి. 2005లో మిథాలీ రాజ్ నాయకత్వంలో మన జట్టు ప్రపంచకప్ ఫైనల్‌కు చేరింది. మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున మొత్తం ఎనిమిది వేలు ముట్టాయని ఆమె తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. అప్పటికి ఉప్పల్‌లో కొత్త స్టేడియం లేస్తున్నది. అదే యేడు నవంబరులో అక్కడ తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. ఊరి చివర అంత పెద్ద కట్టడాన్ని లేపగల స్తోమత క్రికెట్‌కు వున్నది. ప్రపంచకప్ ఫైనల్ ఆడిన ఈ నగరపు బిడ్డకు ఎనిమిది వేలు.

2006లో స్త్రీల సంఘం క్రికెట్ కంట్రోల్ బోర్డులో విలీనమైంది. అప్పటికే మగ ఆటగాళ్ళకు వార్షిక కంట్రాక్టులున్నాయి. ఆడవాళ్ళకు అవి రావటానికి మరి తొమ్మిదేళ్ళు పట్టింది. 2015లో తొలిసారి 11 మందికి కంట్రాక్టులిచ్చారు. మొదటి తరగతివారికి యేడాదికి 15 లక్షలు, రెండో తరగతివారికి 10 లక్షలు. ఆ సంవత్సరం మగవారిలో మొదటి తరగతి కంట్రాక్టు విలువ కోటి రూపాయలు.

2017లో లార్డ్స్ మైదానంలో మనవాళ్ళు తొమ్మిది పరుగుల తేడాతో ఫైనల్ ఓడిపోయారు. దేశమంతా ఒక్కసారి వాళ్ళవైపు తిరిగి చూసింది. బోర్డు ఒక్కొక్కరికి 50 లక్షలు బహుమానం ప్రకటించింది. అప్పటికి బోర్డు పాలన సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీ చేతిలో వుంది. అందులో డయానా ఎడుల్జీ సభ్యురాలు. 2018 మార్చిలో ఆ కమిటీ కొత్త కంట్రాక్టులు ప్రకటించింది. స్త్రీలకు 50, 30, 10 లక్షల మూడు తరగతులు ఏర్పడ్డాయి. రైలుపెట్టెలో తిరిగిన అనుభవం వున్న మనిషి ఒకరు బల్లకు అవతలి వైపు కూర్చున్నారనేది చిన్న విషయం కాదు. కాని ఇవతలి వైపు కుర్చీ అప్పుడూ ఖాళీయే.

అందువల్ల జరిగిందేమిటి? అంకెలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 2015లో స్త్రీల అగ్రశ్రేణికి 15 లక్షలు, పురుషుల అగ్రశ్రేణికి కోటి. తేడా సుమారు యేడు రెట్లు. 2018లో స్త్రీలకు 50 లక్షలు, పురుషులకు కొత్తగా సృష్టించిన అత్యున్నత శ్రేణిలో 7 కోట్లు. తేడా పద్నాలుగు రెట్లు. స్త్రీల జీతం మూడింతలకు పైగా పెరిగింది, అదే సమయంలో అంతరం రెట్టింపయింది! పత్రికలు మొదటి సంగతి రాశాయి. రెండో సంగతి కూడికలు తీసివేతలు వచ్చిన యే యూనియన్ గుమాస్తా అయినా చర్చల బల్ల మీద ఎత్తిచూపి వుండేవాడు. ఎత్తిచూపటానికి బల్లే లేదు. 2025 మార్చి జాబితాలోనూ స్త్రీల తరగతులు ఆ 50, 30, 10 లక్షలే. మన హైదరాబాదు అమ్మాయి అరుంధతీ రెడ్డి ఆ జాబితాలో మూడో తరగతిలో వున్నారు.

మా వీధి అమ్మాయి సంబరపడిన ప్రకటన 2022 అక్టోబరు 27న వెలువడింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ-20కి 3 లక్షలు. ఇక మీదట ఆడా మగా తేడా లేదన్నారు. అంతకుముందు స్త్రీలకు వన్డేకు లక్ష వచ్చేది. ఇది మేలు కాదనటం మూర్ఖత్వం. అయితే రోజుకూలి పెరిగిందని విన్నప్పుడు నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందని కూడా కూలివాడు అడుగుతాడు. మిథాలీ రాజ్ 1999 నుంచి 2022 దాకా 232 వన్డేలు ఆడారు. టెస్టులు ఎన్ని? పన్నెండు. 2014 నవంబరు తర్వాత 2021 జూన్ దాకా మన స్త్రీల జట్టు ఒక్క టెస్టు కూడా ఆడలేదు. టెస్టుకు 15 లక్షలనే రేటు టెస్టులు లేని యేడాదిలో గోడమీది పటం వంటిది. ఎన్ని మ్యాచ్‌లు ఏర్పాటు చేయాలన్నది ఒప్పందంలో వుండవలసిన మొదటి షరతు. అటువంటి షరతు ఏదీ ఆ ప్రకటనలో లేదు.

బల్ల లేకపోతే ఏం జరుగుతుందో మరొక ఉదాహరణ చెబుతాను. 2020 మార్చి 8న మెల్బోర్న్‌లో టీ-20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. 86 వేలమంది చూశారు. ఓడిన మన జట్టుకు ఐదు లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. 2021 మే నెల దాకా, అంటే పద్నాలుగు నెలలు, ఆ డబ్బు ఆడినవాళ్ళ చేతికి రాలేదు. ఆ సంగతి బయటపెట్టింది ఎవరు? లండన్ పత్రిక ఒకటి. అది అచ్చయిన తర్వాతనే త్వరలో చెల్లిస్తామన్న మాట బోర్డు నుంచి వచ్చింది. మా కర్మాగారంలో జీతం వారం రోజులు ఆలస్యమైతే షాపు ఫ్లోరు మీద గుంపు కూడేది. వీళ్ళకు గుంపు కూడే చోటే లేకపోయింది.

ఇతర దేశాలలో ఏం జరిగింది? 1970లో అమెరికాలోని హూస్టన్‌లో తొమ్మిదిమంది టెన్నిస్ క్రీడాకారిణులు ఒక్క డాలరు కంట్రాక్టు మీద సంతకాలు చేసి, తక్కువ బహుమతులిచ్చే పోటీలను కాదని తమ దారి తాము చూసుకున్నారు. వారిలో బిల్లీ జీన్ కింగ్ ఒకరు. 1973లో వాళ్ళు సంఘం పెట్టుకున్నారు. అదే యేడు అమెరికన్ ఓపెన్‌లో ఆడా మగా బహుమతి సమానమైంది. వింబుల్డన్ ఆ పని చేయటానికి 2007 దాకా ఆగింది. మన సానియా మీర్జా గ్రాండ్ శ్లామ్ పోటీల్లో సమాన బహుమతి పొందగలిగారంటే, ఆమె పుట్టకముందే ఎవరో ఒక డాలరుకు సంతకం చేసి వున్నారు.

క్రికెట్‌లోనే చూస్తే, ఆస్ట్రేలియాలో 2017 జూన్ 30న ఆటగాళ్ళ ఒప్పందం గడువు తీరింది. బోర్డు ఆదాయంలో వాటా పొందే పద్ధతికి స్వస్తి చెప్పాలని యాజమాన్యం పట్టుబట్టింది. ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. సుమారు 230 మంది ఆటగాళ్ళు ఒప్పందం లేకుండా, అంటే ఉద్యోగం లేకుండా నిలబడ్డారు. పేరుప్రఖ్యాతులున్న మగ ఆటగాళ్ళు తమ బేరం తాము కుదుర్చుకొని పోకుండా, దేశవాళీ ఆటగాళ్ళకూ స్త్రీలకూ వాటా దక్కాలని నిలబడటం ఆ పోరాటంలో గొప్ప విషయం. ఒక జట్టు దక్షిణాఫ్రికా పర్యటనకు వెళ్ళటానికి నిరాకరించింది. ఆగస్టు 3న రాజీ కుదిరింది. స్త్రీలు తొలిసారి ఆదాయ వాటాలో భాగస్వాములయ్యారు. వారి మొత్తం వేతనాలు 75 లక్షల డాలర్ల నుంచి 5 కోట్ల 52 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు పెరిగాయి. న్యూజిలాండ్‌లో 2022 జులైలో బోర్డూ, ఆటగాళ్ళ సంఘమూ ఐదేళ్ళ ఒప్పందం మీద సంతకాలు చేసి మ్యాచ్ ఫీజులు సమానం చేశాయి. మన ప్రకటన వచ్చింది మూడు నెలల తర్వాత. ఫలితం ఒకటేగదా అని పాఠకులు అనవచ్చు. ఈ యేటికి ఒకటే. ఐదో యేట అక్కడి క్రీడాకారిణి మళ్ళీ బల్ల దగ్గరకు వస్తుంది. ఇక్కడి క్రీడాకారిణి మళ్ళీ ప్రకటన కోసం ఎదురుచూస్తుంది.

మగవాళ్ళకు మాత్రం సంఘముందా అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. లేదు. నా వాదానికి అది బలమే. సుప్రీంకోర్టు నియమించిన లోథా కమిటీ 2016లో ఆటగాళ్ళ సంఘం వుండాలని సిఫారసు చేసింది. దాని ఫలితంగా 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది. దాని ప్రతినిధులుగా బోర్డు అత్యున్నత మండలిలో ఒక పురుషుడికీ, ఒక స్త్రీకీ చోటు దక్కింది. స్త్రీలలో మొదట ఎన్నికైనవారు మన తొలి టెస్టు జట్టు నాయకురాలు శాంతా రంగస్వామి. మంచిదే. కాని ఆ సంఘంలో సభ్యత్వం ఆట విరమించినవారికే. పని మానేసిన తర్వాత యూనియన్‌లో చేరవచ్చుననే నియమం పెడితే మా నాచారం కార్మికులు నవ్విపోతారు. సమానత్వమంటే మగవాళ్ళతో పాటు నోరులేనివాళ్ళుగా వుండటమని అర్థమా? కోట్లు గడించే పదిమందికి సంఘం లేకపోతే వచ్చే నష్టం కొద్ది. దాని అవసరం జాబితాలో పేరు లేని వందలమందికి.

ఆట శ్రమ కాదనే వాదం కూడా వుంది. 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, క్రికెట్ బోర్డు చేసే పని వాణిజ్య స్వభావం గలదనీ, ఇ.ఎస్.ఐ. చట్టం దృష్టిలో అది దుకాణం కిందికి వస్తుందనీ చెప్పింది. ఆ వివాదం ఆటగాళ్ళ గురించి కాదు. అయినా నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వరుసలో యేళ్ళ తరబడి నిలబడిన నాకు ఆ తీర్పు చదివితే ఒక ప్రశ్న తోచింది. బోర్డు దుకాణమైతే, ఆ దుకాణంలో అమ్ముడుపోయే సరుకును తయారుచేస్తున్నది ఎవరు?

ఎంత అమ్ముడుపోయిందో లెక్క వుంది. 2023లో స్త్రీల ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఐదు జట్లను 4,669.99 కోట్లకు అమ్మారు. ఐదేళ్ళ ప్రసార హక్కులు 951 కోట్లు పలికాయి. ప్రసారపు డబ్బు సగటున యేడాదికి 190 కోట్లు. మరి ఆటగత్తెల కోసం ఒక్కో జట్టు ఖర్చుపెట్టగల గరిష్ఠ మొత్తం ఆ యేడు 12 కోట్లు. ఐదు జట్లకూ కలిపి 60 కోట్లు. వేలంలో స్మృతి మంధాన 3 కోట్ల 40 లక్షలు పలికారని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఆ 60 కోట్ల కప్పు ఎవరు వేశారు, ఆదాయంలో అదెంత వాటా, పెరగవలసింది ఎంత అన్న చర్చ మాత్రం జరగలేదు. నిర్వహణ ఖర్చులుంటాయి, నష్టాలుంటాయి, నేను కాదనను. మా యాజమాన్యం కూడా ప్రతి చర్చలోనూ నష్టాల లెక్కలే చెప్పేది. తేడా ఏమంటే, ఆ లెక్కల పుస్తకం మా ముందు పెట్టి చెప్పవలసి వచ్చేది.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన ఆడవాళ్ళు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ గెలిచారు. ఆ రాత్రి మల్కాజిగిరిలో మగపిల్లలు కూడా టపాకాయలు కాల్చారు. బోర్డు 51 కోట్లు బహుమానం ప్రకటించింది. కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం యిస్తామన్నది. ఆమె వాటికి వెయ్యి విధాల అర్హురాలు. కాని చూడండి, యాభై యేళ్ళు తిరిగి మళ్ళీ ఉద్యోగం దగ్గరకే వచ్చాం. ఆటకు గెలుపునాడు కానుక, బతుకుకు సర్కారు కొలువు. గెలవనివాళ్ళ సంగతేమిటి? మోకాలు విరిగినవాళ్ళ సంగతేమిటి?

దేశవాళీ పోటీలలో సీనియర్ స్త్రీల రోజుకూలి 2021 దాకా 12,500. అప్పుడది 20,000 అయింది. ప్రపంచకప్ గెలిచిన మరుసటి నెలలో, వన్డే, బహుళదిన పోటీలకు 50,000 చేశారు. ఈ పెంపు వేయి ఇళ్ళలో దీపం పెట్టింది. అయితే ఆ గెలుపు లేకపోతే పెంపు వుండేదా? ఫైనల్లో ఒక క్యాచ్ జారివుంటే ఎక్కడో జిల్లా కేంద్రంలో ఆడే అమ్మాయి జీతం ఆగిపోయేదా? దేశంలోని క్రీడాకారిణులందరి కూలీ పదకొండుమంది ఒక రాత్రి ఆడిన ఆట మీద ఆధారపడి వుండటం వేతన విధానం అనిపించుకోదు.

కృతజ్ఞత చెడ్డగుణమని నేననను. కాని కృతజ్ఞత మీద బతికేవాడు యింకా యెక్కువ అడగలేడు. అడిగితే కృతఘ్నుడవుతాడు. బహుమానంలో దాగివున్న అసలు ఖరీదు అదే. ఒప్పందంలో ఎవరూ ఎవరికీ ఋణపడరు. అందుకే తక్కువ అంకె మీద కుదిరిన ఒప్పందం కూడా మనిషిని నిటారుగా నిలబెడుతుంది.

ఈ వ్యాసం రాస్తుండగా ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. సంఘం పెట్టాలంటే ఎంతమంది కావాలి తాతా, అని అడిగింది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కనీసం ఏడుగురన్నదనీ, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఆ ఏడుగురి లెక్క వున్నదనీ చెప్పాను. పెద్ద సంస్థ అయితే యింకా యెక్కువమంది సభ్యులు కావాలనీ, క్రీడాకారిణి కార్మికురాలా కాదా అన్నది వాదించి తేల్చుకోవలసి వుంటుందనీ కూడా చెప్పాను. దాచటం దేనికి? ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “మా జట్ల పదిహేనుమంది ఉన్నం” అన్నది. బస్సు వేళయిందని సంచీ భుజాన వేసుకొని వెళ్ళిపోయింది.